ఎత్తు బంగారం

ముందున్నావిడ తక్కెడ ఎక్కగానే ఇనుప చట్రం కిర్రుమంది. అయినా ఆమె మొహంలో సిగ్గన్నదే లేదు. చెప్పులు విడిచి, కొంగు నడుముకు చెక్కుకుని, పళ్లెంలో వేసిన పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కిరాణా కొట్టు ఆంజనేయులు సేటు ఎదుటి పళ్లెంలో బెల్లం దిమ్మలు ఒక్కొక్కటే పేరుస్తూ "లేవలే… ఇంక లేవలే…" అని రాగం తీస్తున్నాడు, లైనులో వాళ్లు నవ్వుతున్నారు, ఆమె కూడా నవ్వుతోంది, పొట్ట కదిలేలా, గాజులు గలగలలాడేలా. చివరికి ఆమె కూర్చున్న పళ్లెం నేల విడిచి లేచేసరికి సేటు "నూట నాలుగు! తల్లికి ఈసారి పండుగే!" అని కేకేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. లావుపాటి ఆడదాని బరువు నడివీధిలో కేకేసి చెబితే జనం చప్పట్లు కొట్టడం నా ఇరవై ఆరేళ్ల బతుకులో ఇదే చూడటం. నాకు మాత్రం నవ్వు రాలేదు, కళ్లు మండాయి. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు కాబట్టి మండాయేమో, లేదంటే ఆవిడ మీద ఈర్ష్యేమో. ఆకలి మీద ఉన్నప్పుడు నా మనసు నాకే సరిగా అర్థం కాదు.

అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చింది, నీలం యూనిఫాం, దాని మీద పాత స్వెట్టరు, మెడలో బ్యాడ్జీ, బ్యాడ్జీ మీద అంజమ్మ, హౌస్‌కీపింగ్ అని. మాదాపూర్ పాత ఊళ్లోని ఈ సందు చివర నిలబడి తలెత్తితే అద్దాల బిల్డింగు కనిపిస్తుంది, అందులో ఏడో అంతస్తు అమ్మది, అంటే అమ్మ తుడిచేది. మేడారం తల్లికి చెల్లించే బెల్లాన్ని మావాళ్లు బెల్లం అనరు, బంగారం అంటారు. ఎవరి పేరు మీద మొక్కుకున్నారో ఆ మనిషిని తూచి, ఆ మనిషి ఎత్తు బంగారం మూటగట్టుకుని జాతరకు పోతారు. మొక్కింది అమ్మ. తూగవలసింది నేను. ఇక్కడ తూగాక నేను రెండు సందులవతల ఉన్న స్టూడియోకు పోవాలి, అక్కడ కూడా ఒక కాంటా ఉంది, గాజుపలకది, కాలు పెడితే ఎర్రగా అంకె వెలుగుతుంది, అది అరవైకి లోపు చూపిస్తేనే నా మొహం కెమెరా ముందుకు వస్తుంది. ఇక్కడేమో ఎంత బరువుంటే అంత పుణ్యం, అక్కడేమో ఎంత తేలికైతే అంత భాగ్యం, ఒళ్లు చూస్తే ఒక్కటే. స్టూడియో కాంటా కోసం పొద్దున చెవికమ్మలు కూడా తీసేసి వచ్చాను. ఇక్కడికి రాగానే అమ్మ ఇంటి తాళాలగుత్తి నా చేతిలో పెట్టి, "పట్కో, బరువుకు పనికొస్తది" అని తన జోకుకు తనే నవ్వింది.

లైను ముందుకు జరిగింది, ఇంకా చాలామంది ఉన్నారు. సెక్యూరిటీ వాళ్లు, డ్రైవర్లు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు. పసిపిల్లల్ని తూచేటప్పుడు సేటు "ఏం బంగారమురా ఇది, చారెడు!" అంటున్నాడు. బెల్లం వాసన సందంతా నిండిపోయింది. ఇన్ని దిమ్మలు ఒక్కచోట పేర్చి ఉంటే గాలిని పీల్చినా తీపి తగులుతుంది, నేను నోటితో ఊపిరి తీస్తున్నాను, ముక్కుతో తీస్తే కడుపు లోపల్నుంచి ఎవరో గోకినట్టు అవుతోంది. వాసనకు కూడా క్యాలరీలుంటాయా అని ఒకసారి నిజంగానే ఫోనులో వెతికాను. ఇంత పిచ్చి ముదిరిందని ఎవరికీ చెప్పలేదు.

ముందటేడు దసరాకు నా గొంతు పోయింది. బొంగురు పోవడం కాదు, పోవడమే. ఒళ్లు కాలిపోయే జ్వరంలో బతుకమ్మ తొమ్మిది రోజులూ ఈ హైటెక్ సిటీ కంపెనీల్లో స్టేజీలెక్కి పాడాను. ఒకచోట నేను పాడుతుంటే అమ్మ అదే హాల్లో అవతలి మూల పూలరేకులు ఊడుస్తోంది, మేం ఒకరినొకరం ఎరగనట్టే ఉన్నాం, అలా ఉండాలని అమ్మే చెప్పింది. సద్దుల బతుకమ్మ నాడు పాట మధ్యలో నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. దవాఖానలో ముక్కులోంచి కెమెరా దించి చూసి, గొంతుతీగల మీద కాయలు కాశాయి, మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దన్నారు. మూగదాన్ని అయిపోయాను. చప్పట్లు కొట్టి అమ్మను పిలిచేదాన్ని. ఒకరోజు అమ్మ నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టి, పసుపు పూసిన చెయ్యి నా మెడ మీద ఆనించి, "తల్లీ సమ్మక్కా, నా బిడ్డ గొంతు నాకియ్యి, దాని ఎత్తు బంగారం నీకిస్త" అని మొక్కింది. ఆ చేతికి పసుపు వాసన కంటే ఫినాయిలు వాసనే ఎక్కువ. ఆ తర్వాత ఒక పొద్దున "అమ్మా, పాలు!" అని అరిచాను. అరిచింది నేనేనని నాకు తెలియలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, అమ్మ పాలవంక చూస్తే కదా, నా నోటివంక చూస్తూ నేల మీద కూలబడి ఏడ్చింది. మందులకు తగ్గిందని డాక్టరంటాడు, తల్లి ఇచ్చిందని అమ్మంటుంది, నాకు ఇద్దరి మీదా నమ్మకమే. అప్పుడు దవాఖానలో నర్సు నన్ను కాంటా ఎక్కించి ఎనభై రెండు అని గట్టిగా చదివింది. నాకేమో భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అమ్మేమో ఆ అంకెను దేవుడి పటం పక్కన పెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకుంది.

గొంతు వచ్చాక నేను పాడిన మొదటి పాట అమ్మదే. కామారెడ్డి అవతల అడవుల్లో బీడీల తునికాకు కోయడానికి పోయినప్పుడు అమ్మ, అమ్మమ్మ పాడుకున్న పాట. 'తునికాకు కొయ్యబోతె తొవ్వల్నే పొద్దుగూకె, సిన్నక్కా' అని మొదలవుతుంది, ఆ సిన్నక్కా దగ్గర గొంతు ఎక్కడికో పోయి అక్కడే నిలబడి చుట్టూ చూసి రావాలి. ఉదయ్ భాస్కర్ గారు హెడ్‌ఫోన్లు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకెంతో సుఖంగా ఉండేది, హాయిగా తిట్టుకునేదాన్ని. గోదావరి జిల్లా మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి తెలంగాణ పల్లెపాటల మీద పిచ్చితో చానల్ పెట్టాడు, నన్ను మీరు అనే పిలుస్తాడు. పాట రికార్డయ్యాక వీడియోలో పెదవులు కదపడానికి మాత్రం నీహారికను తెచ్చాడు. "మీ గొంతు దేవుడిచ్చిందండి వసంత గారూ, కానీ కెమెరా దేవుడు కాదు కదండీ" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, నేను "అవును సార్" అని తల కూడా ఊపాను. తర్వాత బస్సులో బాలానగర్ వచ్చేదాకా ఆ ఊపిన తలను నేనే తిట్టుకున్నాను. ఛీ, దేనికి ఊపావే అని.

నీహారిక మీద కూడా నాకు కోపం నిలవలేదు. కూకట్‌పల్లి పిల్ల, వాళ్లది కోస్తా వైపు, పాటలో సగం మాటలు తెలియవు. "తొవ్వంటే ఏంటక్కా?" అని అడిగి, దారి అని చెబితే, "దారంటే దారనే అనొచ్చుగా" అని నవ్వేది. ప్రగతి నగర్ చెరువు పక్కన తుమ్మచెట్ల మధ్య షూటింగు పెట్టారు, అదే అడవి అన్నమాట. ఎర్రటి ఎండలో నెత్తి మీద ఆకులమూట పెట్టుకుని తిరిగి తిరిగి ఆ పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. మూట కింద ఒట్టి థర్మాకోలే. పొద్దున్నుంచి ఏం తిన్నావంటే ఐసుముక్కలు అంది. నా టిఫిను డబ్బా తెరిచి ఇవ్వబోతే మొహం తిప్పుకుంది. అప్పుడంది, "నాకు మీ గొంతుంటేనా అక్కా, మూడు పూటలా అన్నం తినేదాన్ని." ఆ మాట నాకు ఎంత తియ్యగా తగిలిందంటే, దాన్ని ఎన్నాళ్లో లోపల చప్పరించుకుంటూ తిరిగాను. నాకు గొంతుంది, నేను అన్నం తింటాను, నాకేం తక్కువ అనుకున్నాను. అదే నేను ఇప్పుడు ఈ లైనులో నోటితో ఊపిరి పీలుస్తూ నిలబడి ఉన్నాను.

ఏం జరిగిందంటే పాట ఊరంతా మోగింది. పెళ్లి బరాతుల్లో, ఆటోల్లో, అద్దాల బిల్డింగుల క్యాంటీన్లలో. పాడిందెవరు, చూపించండి అని జనం అడగడం మొదలుపెట్టారు. నేను స్టూడియోలో పాడుతున్న ముక్క ఒకటి ఎవరో బయటికి వదిలారు. దాని కింద ఒకడు 'కళ్లు మూసుకుని వింటే స్వర్గం' అని రాశాడు, వేలమంది దానికి పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. బండబూతులు రాసిన వాళ్లున్నారు, అవి మరిచిపోయాను. ఇది మాత్రం మరుపు రాదు, ఎందుకంటే వాడు నన్ను మెచ్చుకున్నాననే అనుకుని ఉంటాడు. పెద్ద కంపెనీ ఒకటి ముందుకొచ్చింది, స్టేజీ షోలు, టీవీ, విదేశాల్లో తెలుగువాళ్ల సభలు, పాడే మనిషే కనిపించాలట. ఉదయ్ భాస్కర్ గారు సంబరపడిపోయి నన్ను పిలిచి, "మూడు నెలలు టైమడిగానండి. అరవై లోపు వచ్చేస్తే చాలు, మిగతాది కెమెరావాళ్లు చూసుకుంటారు. మీ మంచికే చెప్తున్నానండి, జనం నోళ్లు మంచివి కావు" అన్నాడు. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, అలా ఉండేది అంతకుముందు నా పని, మొహం చూపించనివ్వరు, వేరేచోట పాడనివ్వరు. ఇప్పుడు తలుపు తెరిచారు, కాకపోతే తలుపు సన్నగా తెరిచారు.

అయ్యో, అందరూ ఎంత మెచ్చుకున్నారని! మొదట అయిదు కిలోలు తగ్గగానే స్టూడియోలో కేకు కోశారు, నేను తినలేదు, తిననందుకు మళ్లీ చప్పట్లు కొట్టారు. అమ్మ తెల్లవారకముందే డ్యూటీకి పోతూ నాకు డబ్బా కట్టి పెట్టేది, జొన్నరొట్టె, పప్పు, పండుగ రోజైతే కోడికూర. నేను ఆ డబ్బాను స్టూడియో వాచ్‌మన్‌కు ఇచ్చేసి కడిగిన డబ్బా ఇంటికి తెచ్చేదాన్ని. ఆయన రోజూ "మీ అమ్మ చెయ్యి మంచిదమ్మా" అనేవాడు. జాకెట్లు, డ్రెస్సులు నేనే కుట్టు వేసి బిగించుకున్నాను. "వాకింగ్ చేస్తున్న" అని అమ్మకు చెప్పాను. "ఆఫీసుల పిల్లలు గిట్లనే ఆకులలములు తింటరు, నువ్వు గట్ల చెయ్యకే" అంది అమ్మ, అని మళ్లీ నైట్ డ్యూటీ కూడా పడటంతో ఆ సంగతి అక్కడే ఆగిపోయింది. ఇవన్నీ ఒక ఎత్తు. ఇంకొకటుంది, అది నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా గట్టిగా చెప్పుకోలేదు. సిన్నక్కా దగ్గర గొంతు నిలబడటం లేదు. పైకి పోతుంది, కాళ్లు వణికినట్టు వణుకుతుంది, జారిపోతుంది. కడుపు నిండా ఊపిరి తీసుకోవాలి దానికి, నా కడుపులో ఊపిరిని పట్టుకునేందుకు ఏమీ లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు వేసుకుని ప్రయత్నిస్తాను, రెండోసారికే చెమట పట్టి కూర్చుండిపోతాను. మొన్న ట్రాక్ వింటూ సౌండ్ ఇంజనీరు "ఇది మిషన్లో సరి చేద్దాంలే" అన్నాడు, అదివరకు నా గొంతుకు మిషన్ ఎప్పుడూ అవసరం పడలేదు. బరువు తగ్గిన రోజూ ఏడ్చాను, గొంతు తగ్గిన రోజూ ఏడ్చాను, మొదటిది ఆనందం అనుకున్నానంతే తేడా.

"సూడు, ఎంత సక్కగున్నదో పిల్ల!" అని వెనకాల ఒకావిడ తన ఫోను పక్కావిడకు చూపించింది. తలతిప్పకుండానే తెలిసింది, నా పాటే. నీహారిక ఆకులమూట నెత్తిన పెట్టుకుని నడుస్తుంటుంది, నడుము జానెడంత ఉంటుంది. "గొంతు గూడ గీ పిల్లదేనట" అంది రెండో ఆవిడ. నేను నేలచూపులు చూశాను, అమ్మ ఊరుకుంటుందా, గిర్రున తిరిగింది. "ఎవలు చెప్పిన్రమ్మా నీకు? గొంతు నా బిడ్డది! గీమెది! పాట నాది!" అని బ్యాడ్జీ ఊగిపోయేలా నన్ను ముందుకు లాగింది. లైనులో తలలన్నీ తిరిగాయి. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూశారు, ఎప్పుడూ చూసే చూపే. "నిజంగనా? ఏదీ, జర పాడు మరి" అంది ఫోనావిడ, ఎగతాళికేం కాదు, ఆశగానే అడిగింది. నేను వద్దమ్మా అన్నాను. "ఒక్క ముక్క పాడు బిడ్డా, నోళ్లు మూతపడాలె" అంది అమ్మ. ఆ మొహం చూడాలి. ఏడో అంతస్తులో ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడని మనిషి, చెవిలో తీగ పెట్టుకుని నా పాట వింటూ బాత్రూములు కడిగే మనిషి, ఇవాళ నడివీధిలో పందెం కాసినట్టు నిలబడింది.

పాడాను. కింది చరణం బాగానే నడిచింది, తునికాకు, తొవ్వ, పొద్దు, అమ్మ పెదవులు నాతో పాటే కదులుతున్నాయి, సేటు కూడా దిమ్మ చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. సిన్నక్కా అని పైకి ఎక్కాను. ఎక్కాక అక్కడ నాకు నిలబడటానికి చోటు లేదు. గొంతు రెండుగా చీలి, ఒక ముక్క గాలైపోయి, రెండోది దగ్గుగా మారింది. దగ్గుతూనే ఉన్నాను, ఎవరో నీళ్లసీసా ఇచ్చారు, తాగితే స్టూడియో కాంటా మీద అరకిలో అని ఆలోచించి పెదవులు తడుపుకుని ఇచ్చేశాను. ఆలోచించానండీ, ఆ స్థితిలో కూడా. "మంచిగనే ఉన్నది గని…" అని ఫోనావిడ నసిగింది, "ఆ పాటల ఉన్నట్టు లేదు." ఆమె ఫోనులో పాట ఇంకా నడుస్తోంది, నీహారిక పెదవుల మీద నా గొంతు నా దగ్గర ఉన్నదానికంటే బాగుంది. లైను జరిగింది, మేమూ జరిగాం. కాసేపటికి నా చెవి దగ్గరకు వచ్చి, "ఎన్నటి సంది?" అంది. జలుబమ్మా అన్నాను. "జలుబు గాదు. నాకు తెల్వదా?" అంది. నా చెయ్యి పట్టుకుని, "మొక్కు ఆలిశమైందని తల్లి వాపస్ తీస్కుంటున్నదే" అంది. ఆమె చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది. కాదమ్మా, తల్లి కాదు, నేనే అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది, వచ్చి ఆగిపోయింది. దేవతను అనుమానించి భయపడుతున్న అమ్మ, చెబితే నన్ను చూసి భయపడుతుంది, ఆ భయం చూడలేను. అమ్మ అద్దాల బిల్డింగు వైపు తిరిగి, అటు మేడారం లేకపోయినా అటే దండం పెట్టింది.

మా వంతు వచ్చింది. "ఆధార్ ఉన్నదా అమ్మా? బెల్లానికి ఆధార్ కావాలె, గుడుంబ కాస్తరని సర్కారు రూలు" అన్నాడు సేటు. తీసి ఇచ్చాను. ఆయన కార్డును చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కార్డును చూసి, "గీ ఫోటోల ఉన్నది నువ్వేనా బిడ్డా? గిది మీ అక్కది తెచ్చినవా ఏంది?" అన్నాడు. వెనకాల కొందరు నవ్వారు. ఇంకో రోజైతే ఆ మాట నాకు పండగ, ఇంటికి పోయి తలుచుకుని తలుచుకుని మురిసేదాన్ని. "నా బిడ్డనే" అంది అమ్మ, కార్డు లాక్కుని. లాక్కుని తను కూడా చూసింది. చాలాసేపు చూసింది. ఆ ఫోటోలో నా చెంపలు పూరీల్లా ఉంటాయి, నాకు అసహ్యం, ఎప్పుడూ బొటనవేలితో మూసి పట్టుకుంటాను. అమ్మ ఆ చెంపల మీద వేలు పెట్టి, తర్వాత తలెత్తి, చున్నీ కప్పుకున్న నా మెడవైపు చూసింది. నేను చున్నీ సర్దుకున్నాను. "ఎక్కు" అంది.

చెప్పులు విడిచి ఎక్కి కూర్చున్నాను. తాళాలగుత్తి గట్టిగా పట్టుకున్నాను. చట్రం కిర్రుమనలేదు. సేటు రాగం మొదలుపెట్టాడు, లేవలే, ఇంక లేవలే, రెండుసార్లు అన్నాడంతే, నా పళ్లెం నేల విడిచింది. "అరవై ఒకటి!" అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టేంత ఏముంది అందులో. నా లోపల మొదట పుట్టిన మాట ఏమిటో తెలుసా, అయ్యో, ఇంకా ఒకటి ఎక్కువుంది అని. అమ్మ ముందుకొచ్చింది. "పెట్టు సేటూ, ఇంక పెట్టు." సరిపోయిందమ్మా, ముల్లు నిలబడ్డది, చూడు అన్నాడు ఆయన. "ఎనభై రెండు. నేను మొక్కింది ఎనభై రెండుకు. తల్లి దగ్గర మాట తప్పను" అంది అమ్మ. ఆయన నన్ను చూసి, ఆమెను చూసి, ఒక పదికిలోల దిమ్మ పెట్టాడు. నేను పైకి పోయాను. ఇంకోటి పెట్టాడు, చిన్న ముక్క ఒకటి పెట్టాడు. అవతలి పళ్లెం నేలకు దిగబడింది, ఇవతల నేను గాల్లో, పక్కనున్న చింతపండు బస్తాల ఎత్తుకు వేలాడుతున్నాను. ఎదురుగా కింద నేనున్నాను. ఆ చివర పెట్టిన దిమ్మలు నేను. కేకు కోసి పండగ చేసుకున్నవి, కుట్టు వేసి బిగించినవి, నా చెంపలు, నా తొడలు, పాట ఎత్తుకునేటప్పుడు నిండే నా కడుపు. నల్లగా, జిగటగా, తేనెటీగలు ముసురుతుంటే అక్కడ కూర్చుని ఉన్నాయి. అంత బరువా, అంతా నేనేనా, ఎక్కడికి పంపించాను దాన్నంతా?

అమ్మ నోట్లోంచి అదే మాట వచ్చింది. "ఇంత బిడ్డను ఏడ పారేసొచ్చినవే?" అరవలేదు. డ్యూటీలో ఎవరో పారేసుకున్న వస్తువు గురించి అడిగినట్టు అడిగింది. నేను గాల్లో ఊగుతూ ఆమె వంక చూశాను, జవాబు ఆమెకు నా చూపులోనే దొరికింది. రెండు చేతులూ ఎత్తి బిల్డింగు వైపే మళ్లీ దండం పెట్టి, "తల్లీ, నిన్ను ఉత్తగనే అనుమానపడ్డ. నువ్వు తీస్కోలే" అంది. వంగి దిమ్మ అంచును సేటు దగ్గరి ఇనుపగుండుతో కొట్టి ముక్క విరిచింది. "అయ్యో, మొక్కు బంగారం అమ్మా, తల్లికి చూపకముందే ఎంగిలి చేస్తరా?" అని ఫోనావిడ నోరు నొక్కుకుంది. "ఏ తల్లైనా బిడ్డ తిన్నంకనే తింటది. నాకు తెల్వదా?" అంది అమ్మ. మునివేళ్ల మీద లేచి, నా నోటికి అందించింది. చిన్నప్పుడు రైల్లో నేను పైబెర్తు ఎక్కి దిగనని మారాం చేస్తే కూడా ఇలాగే మునివేళ్ల మీద లేచి ముద్ద పెట్టేది. నోరు తెరిచాను.

తీపి. మూడు నెలల తర్వాత తీపి. దవడలు నొప్పి పుట్టాయి, చెవుల వెనక ఝుమ్మంది. ఇంత ముక్కంటే ఎంత, ఇప్పుడు తిన్నది కాంటా మీద ఎప్పటికి కనిపిస్తుంది, బుగ్గన పెట్టుకుని సందు మలుపులో ఉమ్మేయొచ్చు, అమ్మ చూడదు, ఒక్క కిలోనే ఎక్కువుంది, ఒక్క కిలో అంటే బతిమాలుకోవచ్చు. ఒళ్లో ఫోను మోగింది. ఉదయ్ భాస్కర్ గారు. లైటింగు పెట్టేసి ఉంటారు. ఫోను మోగుతోంది, నేను ముక్కను మింగకుండా, ఉమ్మకుండా బుగ్గన పట్టుకుని ఉన్నాను. బెల్లం ఆగుతుందా, అది కరిగిపోతూనే ఉంది, నాలుక కిందికి, అంగిట్లోకి, గొంతులోకి. అమ్మ కన్ను ఆర్పకుండా నా మెడవైపే చూస్తోంది, ఆరోజు పసుపుచెయ్యి పెట్టిన చోటు. గొంతు నన్ను అడగలేదు. దానంతట అది మింగేసింది. అమ్మ ఊపిరి వదిలింది.

ఫోను ఆగి, మళ్లీ మోగడం మొదలుపెట్టింది. "దిగు బిడ్డా, ఎనకాల లైనున్నది" అని సేటు పై దిమ్మ తీయడానికి వంగాడు. అమ్మ ఆ దిమ్మ మీద చెయ్యి వేసి ఆపింది. "తియ్యకు సేటూ. అది నా బిడ్డదే." నోరంతా తీపిగా ఉంది. దిగుదామని కాలు చాపాను, నేల అందలేదు.